యూరప్‌లో దేశం దాటే రైలు టికెట్లు: ఒకే బండికి మూడు రేట్లు ఎందుకు, మనం ఏది తీసుకోవాల

సింగరాయకొండలో రైలెక్కే మనకి ఒక లెక్క అలవాటైపోయి ఉంటది, స్లీపర్ ఇంత, థర్డ్ ఏసీ ఇంత, తత్కాల్ కాకపోతే రెండు నెలల ముందు తీసినా వారం ముందు తీసినా చాలా బండ్లకి రేటు అదే. యూరప్‌లో ఆ లెక్క పనికిరాదు. ఇక్కడ రైలు టికెట్ కూడా విమానం టికెట్ లాంటిదే, చవక టికెట్లు అయిపోయేకొద్దీ రేటు ఎక్కతా పోతది, పక్కపక్కన కూర్చున్న ఇద్దరు వేరువేరు రేట్లు కట్టుంటారు.

నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తా. పోయినేడు కందుకూరు నుంచి అమ్మానాన్న జర్మనీలోని మ్యూనిక్ వస్తన్నారంటే, ఆస్ట్రియా రాజధాని వియన్నా చూపిద్దామని, వీసా ఇంకా చేతికి రాకముందే అన్నిటికన్నా తక్కువ రేటు టికెట్లు ముగ్గురికీ కొనేశా, తర్వాత వీసా ఆలస్యమై వాళ్ళ ప్రయాణం పది రోజులు వెనక్కి జరిగింది, ఆ టికెట్లకి ఒక్క యూరో వెనక్కి రాలా. నాన్న మొహం చూస్తే చాలా బాధేసింది. అందుకే వీసా స్టాంపు పడేదాకా రద్దు కాని టికెట్ కొనొద్దండీ, ఎంత చవకైనా సరే.

రేట్ల తేడా ఎక్కడుందంటే, మార్చుకునే వీల్లో ఉంది. జర్మనీ రైల్వే డాయిచ్ బాన్ యాప్‌లో ఒకే బండికి మూడు రేట్లు కనపడతాయి. సూపర్ స్పార్‌ప్రైస్ అన్నిటికన్నా చవక, ఆ బండి ఆ టైమే, రద్దు చేస్తే డబ్బు రాదు. స్పార్‌ప్రైస్ కూడా ఆ బండికే, కానీ ముందుగా రద్దు చేసుకుంటే చార్జీ పట్టుకుని మిగతాది వోచరుగా ఇస్తారు. ఫ్లెక్స్‌ప్రైస్ ఖరీదు, అయితే ఆ రోజు ఆ రూట్లో ఏ బండైనా ఎక్కొచ్చు. ఆస్ట్రియా రైల్వే ఓబీబీ వాళ్ళ స్పార్‌షీనా టికెట్ కూడా సూపర్ స్పార్‌ప్రైస్ లాంటిదే. నా మటుకు పెద్దవాళ్ళు ఉంటే మధ్యది మంచిది, వాళ్ళకి ఒంట్లో బాగోలేకపోతే ఏందన్న భయం ఉండదు.

ఇంకోటి, దేశం దాటే బండిని రెండు దేశాల రైల్వేలూ అమ్ముతాయి. మ్యూనిక్ నుంచి వియన్నా నేరుగా పోయే రైల్‌జెట్ అనే స్పీడు బండి 4 గంటల ప్రయాణం, దాన్ని జర్మనీ యాప్‌లో చూడండి, ఓబీబీ యాప్‌లో కూడా చూడండి, రెండిట్లో రేటు తేడా ఉండొచ్చు. బెర్లిన్-ప్రాగ్ బండికి చెక్ రైల్వే దగ్గర చాలాసార్లు తక్కువకి దొరకతది.

మ్యూనిక్ నుంచి సరిహద్దు పక్కనే ఉన్న ఆస్ట్రియా ఊరు సాల్జ్‌బర్గ్ దాకానే అయితే, ముగ్గురు నలుగురు ఉంటే బయ్యర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రంలో ఒక రోజు తిరిగే టికెట్) ఒకటి తీసుకోండి, 5 మంది దాకా పోవచ్చు, సరిహద్దు దాటి సాల్జ్‌బర్గ్ స్టేషన్ వరకూ చెల్లుద్ది. పనిరోజుల్లో పొద్దున 9 తర్వాతే, అదీ ప్యాసింజర్ లాంటి రీజనల్ బండ్లలోనే, ఐసీఈ, రైల్‌జెట్ లాంటి స్పీడు బండ్లు ఎక్కకూడదు.

జర్మనీలో సీటు రిజర్వేషన్ వేరే కొనాల. వెయిటింగ్ లిస్ట్ అనేది లేదు, టికెట్ ఉంటే ఎక్కొచ్చు, ఖాళీ లేకపోతే నిలబడాల్సిందే, కాబట్టి అమ్మానాన్నలకి ఆ కాస్త ఖర్చు చూసుకోకండి. ఫ్రాన్స్ స్పీడు రైలు టీజీవీకి మాత్రం సీటు తప్పనిసరి. చాలా దేశాలకి పనికొచ్చే రైలు పాస్ తీసుకుందాం అనుకుంటే ఇండియాలో ఉండేవాళ్ళకి యూరైల్, ఇక్కడ నివాసం ఉన్న మనకి ఇంటర్‌రైల్, ఒకే కుటుంబమైనా పాసులు వేరు, పాస్ ఉన్నా టీజీవీ లాంటి వాటికి సీటు డబ్బులు అదనం.

బండి మారాల్సొస్తే మొత్తం ఒకే టికెట్‌గా తీసుకోండి. విజయవాడ నుంచి గూడూరు ఒకటి, గూడూరు నుంచి తిరుపతి ఇంకొకటి తీసుకుని మొదటిది లేటైతే మన పాట్లు తెలుసుగా, ఇక్కడా అంతే, విడివిడిగా కొంటే రెండోది పోయినట్టే, ఒకే టికెట్ అయితే తర్వాతి బండి ఎక్కించే బాధ్యత వాళ్ళది. గంట లేటైతే టికెట్లో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం అడగొచ్చు, యూరోపియన్ యూనియన్ రూలే ఉంది. ప్యారిస్‌లో స్టేషన్ పేరు చూసుకోండి, మనకి చెన్నై సెంట్రల్, ఎగ్మోర్ ఎట్టనో అట్ట గార్ ద్యు నోర్, గార్ ద లియోన్ వేరువేరు చోట్ల ఉన్నాయి.

ఇండియా కార్డుతో కడతంటే ముందు బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయాల, రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దని యూరోలే ఎంచుకోండి, లేకపోతే మారకం రేటులో బాదుతారు. పేరు ఆధార్‌లో ఉన్నట్టు కాదు, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే కొట్టండి, ఇంటిపేరుకి పొడి అక్షరం పెట్టి వదలొద్దు.

లండన్ పోయే యూరోస్టార్ రైలుకి షెంగెన్ వీసా చాలదు, బ్రిటన్ వీసా వేరే కావాల, ఎక్కకముందే స్టేషన్లో పాస్‌పోర్టు చూస్తారు కాబట్టి గంటన్నర ముందుండాల. మిగతా చోట్ల మామూలుగా ఆపరు గానీ సాల్జ్‌బర్గ్ నుంచి జర్మనీలోకి వచ్చేటప్పుడు పోలీసులు బండెక్కి అడగతా ఉంటారు, అసలు పాస్‌పోర్టు పెద్ద సూట్‌కేసులో అడుగున కాకుండా అమ్మ చేతిసంచిలోనే పెట్టించండి.