పెయింట్‌బాల్ మార్కర్ విప్పేటప్పుడు వాల్వ్ మొరాయిస్తే

ఎర్రటి చల్క నేలలో ఆడిన మార్కర్‌ను, అంటే గ్యాస్ ఒత్తిడితో రంగు బంతులను పేల్చే తుపాకీని, ఏ రోజుకారోజు తుడిచి పెట్టకపోతే ఏమవుతుందో దాన్ని విప్పినప్పుడు తెలుస్తుంది. హనుమకొండ శివారులోని ఒక ఆటస్థలంలో మార్కర్ల బాగోగులు చూసుకునే పని నాది. సన్నటి మట్టి గ్రీజులో కలిసి, కింది గొట్టంలో గ్యాస్‌ను విడిచే వాల్వ్ చుట్టూ ముద్దలా పేరుకొని, నెలల తరబడి కదిలించకపోతే అక్కడే గట్టిపడుతుంది. ఇక్కడ రాస్తున్నదంతా ఒకదానిపై ఒకటిగా రెండు గొట్టాలుండే స్పైడర్ తరహా బ్లోబ్యాక్ మార్కర్లకు, అంటే పేల్చిన గ్యాస్‌లో కొంత వెనక్కి తన్ని మళ్లీ సిద్ధమయ్యే వాటికి, వర్తిస్తుంది. రెండు చిప్పలుగా విడిపోయే టిప్‌మన్ 98 వంటి వాటిని విప్పే పద్ధతి వేరు.

ముందుగా గ్యాస్ సంగతి చూడాలి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకొని, బంతుల డబ్బా తీసేసి, లోపల మిగిలిన బంతులను ఎవరూ లేని దిక్కుకు పేల్చి, ఆ తర్వాత సిలిండర్ విప్పి, మార్కర్‌లో ఊపిరి మిగలనంత వరకు ట్రిగ్గర్ నొక్కుతూ ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో 21 డిగ్రీల దగ్గర సుమారు 850 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఉంటుంది. 31 డిగ్రీలు దాటాక అందులో ద్రవం, వాయువు అనే తేడాయే ఉండదు, ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. మే నెలలో వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, విప్పిన సిలిండర్‌ను పని బల్ల పక్కన ఎండలో వదిలేయకుండా నీడకు చేర్చాలి. ముందు మూత, అంటే వాల్వ్ గదిని మూసే ప్లగ్, విప్పబోతే అసాధారణంగా బిగుసుకొని ఉన్నట్లనిపిస్తే లోపల ఇంకా గ్యాస్ ఉందేమోనని ఆగి, మళ్లీ ఖాళీ చేసి చూడాలి. ఒత్తిడి ఉండగా ఊడిన ప్లగ్ ఎదురుగా ఉన్నవారి ముఖానికి తగలగలదు.

తర్వాత వెనుక పిన్ను తీసి, స్ప్రింగ్ ఎగిరిపోకుండా బొటనవేలితో అదిమి పట్టి, పై గొట్టంలో బంతిని బ్యారెల్‌లోకి నెట్టే బోల్టును, కింది గొట్టంలో వాల్వ్‌ను కొట్టి తెరిచే స్ట్రైకర్‌ను వెనక్కి లాగాలి. స్ట్రైకర్ మధ్యలో ఆగితే అది సియర్‌కు, అంటే ట్రిగ్గర్ నొక్కే వరకు దాన్ని పట్టి ఉంచే కొక్కేనికి, తగులుతోందని అర్థం. ట్రిగ్గర్ నొక్కి పట్టి మార్కర్‌ను వెనక్కి వంచితే జారి వస్తుంది, లేదంటే ట్రిగ్గర్ ఫ్రేమును ముందే విప్పేయవచ్చు. ముందు వైపు ప్లగ్ తీశాక వాల్వ్ స్ప్రింగు, దాని వెనుక వాల్వ్‌ను మూసి ఉంచే కప్ సీల్ బయటికి వస్తాయి. ఈ కప్ సీల్‌ను తీయడం మరిచిపోవద్దు. దాని సన్నటి కాడ వాల్వ్ గుండా స్ట్రైకర్ వైపుకు పొడుచుకొని ఉంటుంది, వాల్వ్‌ను వెనుక నుంచి కర్రతో తోసేటప్పుడు ఆ కర్ర కాడకు తగిలితే అది వంగిపోతుంది. వంగిన కాడతో మార్కర్ మళ్లీ సరిగా పనిచేయదు.

ఇంత చేసినా వాల్వ్ కదలలేదంటే మొదట అనుమానించవలసింది దాన్ని కింది నుంచి పట్టి ఉంచే సెట్ స్క్రూనే. ట్రిగ్గర్ ఫ్రేమ్ తీస్తేనే కనిపించే ఈ స్క్రూ కొన్ని మోడళ్లలో గ్యాస్ అడాప్టర్ కింద కూడా దాగి ఉంటుంది. దాని షట్కోణపు గుంటలో మట్టి గట్టిగా కూరుకొని ఉన్నప్పుడు అలెన్ కీ పైపైనే నిలబడుతుంది, తిప్పితే గుంట అంచులు అరిగి గుండ్రమవుతాయి. అందుచేత కీ పెట్టే ముందు సూదితో గుంట అడుగు దాకా గోకి, బోర్లించి తట్టాలి. ఎర్రటి పొడి పప్పుగింజంత రాలడం నేను చాలాసార్లు చూశాను. స్క్రూకు నీలిరంగు లాక్‌టైట్ (మర సడలకుండా పూసే జిగురు) పూసి ఉంటే హెయిర్ డ్రైయర్‌తో రెండు నిమిషాలు వెచ్చబెడితే పట్టు కొంత సడలవచ్చు. గుంట ఇప్పటికే అరిగిపోయి ఉంటే అందులోకి కాస్త బిగుతుగా దిగే టార్క్స్ (నక్షత్రాకారపు) బిట్టును తట్టి తిప్పి చూడవచ్చు, అదీ పనిచేయకపోతే ఎడమ మర డ్రిల్ (స్క్రూ ఊడే దిశలో తిరిగేది) ఉన్న లేత్ షాపుకు తీసుకెళ్లడమే మంచిది, ఎందుకంటే ఇంట్లో డ్రిల్ జారితే వాల్వ్‌తో పాటు బాడీ కూడా పోతుంది.

స్క్రూ వచ్చేశాక కూడా వాల్వ్ నిలిచిపోతే తప్పు చాలావరకు ఆ స్క్రూదే అయి ఉంటుంది. దాని కొన ఇత్తడి వాల్వ్‌లోకి దిగిన చోట లోహం చిన్న గట్టులా పైకి లేస్తుంది, ఆ గట్టు గొట్టం గోడకు ఒరుసుకుంటుంది. ఎవరో ఒకరు మునుపు అతిగా బిగించిన మార్కర్లలో ఇది తప్పనిసరిగా కనిపిస్తుంది. ఇక రెండో అడ్డంకి ఓ-రింగు, అంటే గ్యాస్ కారకుండా వాల్వ్ చుట్టూ ఉండే రబ్బరు వలయం. వాల్వ్ ముందుకు కదిలేటప్పుడు గ్యాస్ వచ్చే రంధ్రం అంచును ఓ-రింగు దాటవలసి ఉంటుంది, అక్కడ ఉబ్బిన రబ్బరు రంధ్రంలోకి దిగి చిక్కుకుంటుంది. డబ్ల్యూడీ-40 లాంటి పెట్రోలియం నూనెలు కొన్ని రబ్బర్లను ఉబ్బిస్తాయి కాబట్టి, వాటిని వాడిన మార్కర్‌లో ఈ చిక్కు మరీ ఎక్కువ.

రెండింటికీ మందు ఒకటే. గొట్టాన్ని వేడినీళ్లలోనో, డ్రైయర్ ముందో వెచ్చబెట్టి, సిలికాన్ ఆధారిత గ్రీజు కొద్దిగా జారవిడిచి, పావుగంట ఆగాలి. అల్యూమినియం ఇత్తడి కన్నా కొంచెం ఎక్కువగా వ్యాకోచిస్తుందని పుస్తకాలు చెప్పేది నిజమే కానీ, ఆ తేడా వెంట్రుకవాసి కూడా ఉండదు. అసలు మేలు పాత గ్రీజు కరగడం వల్లనే కలుగుతుంది. తర్వాత గొట్టంలో సరిపోయేంత లావు ఉన్న చెక్క కడ్డీని వెనుక నుంచి పెట్టి, వాల్వ్ ముఖం మీద చుట్టూ ఆనుకునేలా చూసుకొని, మార్కర్ ముందు భాగాన్ని మెత్తటి గుడ్డ మీద పెట్టి, కర్ర వెనుక చివరను చిన్న చెక్క సుత్తితో తట్టాలి. ఒక మిల్లీమీటరు కదిలితే చాలు, అక్కడి నుంచి రెండు వైపులా ఇటూ అటూ ఊగిస్తూ తీసుకురావచ్చు. పొలంలో విరిగిన పార కర్ర ముక్కను సాన పట్టించి నేను ఈ పనికి వాడుతున్నాను. ఒకసారి ఓపిక లేక స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. వాల్వ్ వచ్చింది కానీ, గొట్టం లోపల పొడుగాటి గీత పడింది, ఆ గీత మీదుగా గ్యాస్ కారుతూ ఆ బాడీ విడిభాగాల పెట్టెలోకి చేరింది. సిలిండర్ తగిలించి గ్యాస్ బలంతో వాల్వ్‌ను బయటికి తన్నించడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

బయటికి వచ్చిన వాల్వ్ మీద స్క్రూ గుర్తు చుట్టూ ఉన్న గట్టును సన్న ఎమరీ కాగితంతో రుద్ది, వేలి గోరు తగలనంత నున్నగా చేసి, గొట్టాన్ని తుడిచేందుకు పోగులు ఊడని గుడ్డనే వాడాలి. దూది పోగు ఒక్కటి ఓ-రింగు గాడిలో మిగిలినా కారడం ఖాయం. ఓ-రింగులు చవకైనవి కాబట్టి విప్పిన ప్రతిసారీ మార్చేయడం నా అలవాటు. తిరిగి పెట్టేటప్పుడు వాల్వ్ పైనున్న రంధ్రం పై గొట్టం వైపు ఉండాలి. బోల్టు లేని పై గొట్టంలోంచి టార్చి వేసి చూస్తే ఆ రంధ్రం పూర్తి చందమామలా కనిపించాలి. అర్ధచంద్రాకారంగా కనిపిస్తే వాల్వ్‌ను కాస్త తిప్పి సవరించి, అప్పుడే సెట్ స్క్రూను పెట్టి, కీ పొట్టి చివరతో మెల్లగా ఆనేంత వరకు బిగించాలి.

అంతా కలిపాక స్ట్రైకర్‌ను వెనక్కి లాగి కాక్ చేసిన, అంటే సియర్‌కు తగిలించిన, తర్వాతే సిలిండర్ బిగించాలి. కాక్ చేయకుండా గ్యాస్ పెడితే స్ట్రైకర్ కాడను నెట్టి పట్టి ఉంచడం వల్ల వాల్వ్ కారుతున్నట్లే ఉంటుంది, అది చూసి మళ్లీ అంతా విప్పినవాళ్లను నేను ఎరుగుదును. కాక్ చేసినా బ్యారెల్ గుండా సుయ్‌మనే శబ్దం ఆగకపోతే కప్ సీల్ ముఖం మీద మట్టి రేణువు ఉందో, కొత్త ఓ-రింగు రంధ్రం అంచుకు కోసుకుపోయిందో చూడాలి. శబ్దం లేకపోతే బంతి వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు నాలుగైదు బంతులు పేల్చి, వేగం సెకనుకు 300 అడుగులు దాటకుండా వెనుక స్క్రూను సరిచేసుకొని ఆటకు ఇవ్వవచ్చు.