పోలీసు రేడియో భాష – 3వ పాఠం: ముందు ‘టెన్’ ఎందుకు?

పోయిన పాఠంలో అక్షరాలు అయ్యాయి: ఏ అంటే ఆడమ్, బి అంటే బాయ్, సి అంటే చార్లెస్. ఇవాళ అంకెలు.

అమెరికా పోలీసుల రేడియోలో అంకెల కోడ్‌కి ముందు ‘టెన్’ వినిపిస్తుంది, ‘టెన్-ఫోర్’ లాగా. దాని అర్థం కోసం వెతక్కండి, ఏమీ లేదు. 1937లో ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసుల్లో కమ్యూనికేషన్స్ చూసే చార్లెస్ హాపర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. అప్పటి కారు రేడియోలు వాల్వులతో, అంటే వాక్యూమ్ ట్యూబులతో నడిచేవి. బటన్ నొక్కాక వాటికి కరెంటు ఇచ్చే చిన్న మోటార్ జనరేటర్ వేగం అందుకోవడానికి క్షణం పట్టేది. ఈలోపు ‘ఫోర్’ అని పలికితే ఆ ఒక్క ముక్కా గాల్లో కలిసిపోయేది. అందుకని పోయినా ఫర్వాలేని మాట ఒకటి ముందు తగిలించారు. కూరలో కరివేపాకన్నమాట. ఇప్పటి ట్రంకింగ్ సెట్లలో (కొన్ని ఛానెళ్లనే అందరూ పంచుకునే రేడియోల్లో) కూడా బటన్ నొక్కి, బీప్ వచ్చాకే నోరు విప్పాలి!

కాబట్టి చెవి ‘టెన్’ మీద కాదు, తర్వాతి అంకె మీద పెట్టండి. ఇదిగో, కంట్రోల్ రూమ్ ఒక కారుని పిలుస్తోంది:

“ట్వెల్వ్, యువర్ టెన్-ట్వంటీ?”
“మెయిన్ అండ్ థర్డ్.”
“టెన్-నైన్?”
“మెయిన్ అండ్ థర్డ్.”
“టెన్-ఫోర్.”

ట్వెల్వ్ అనేది ఆ కారుని రేడియోలో పిలిచే పేరు. మెయిన్ అండ్ థర్డ్ అంటే ఆ రెండు వీధులు కలిసే చోటు. 20 అంటే ఎక్కడున్నావని, 9 అంటే మళ్లీ చెప్పమని, 4 అంటే అందిందని. చాలామంది టెన్-ఫోర్‌ని ‘సరే, చేస్తాను’ అనుకుంటారు. అసలు అర్థం అంత దూరం పోదు, విన్నానని మాత్రమే.

అసలు తిప్పలు ఇక్కడున్నాయి: ఊరు మారితే అర్థం మారుతుంది. పోలీసు కమ్యూనికేషన్స్ సంఘం ఆప్కో పాత జాబితాలో 10-13 అంటే వాతావరణం, రోడ్డు సంగతులు. న్యూయార్క్ నగరంలో అదే 10-13 అంటే పోలీసు ఆపదలో ఉన్నాడు, పరిగెత్తుకు రండి అని. రెండు ఊళ్ల పోలీసులు ఒకే చోట పనిచేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఇలా పలు విభాగాలు కలిసి పనిచేసే సందర్భాల్లో కోడ్లు మాని మామూలు ఇంగ్లిష్‌లో మాట్లాడాలని ఫెడరల్ ప్రభుత్వం 2006 నుంచి గ్రాంట్లకు షరతు పెట్టింది. అందుకే ఏ జాబితా బట్టీపట్టినా, అది ఏ ఊరిదో ముందు చూసుకోండి.

ఇక అభ్యాసం. 7 అంటే అందుబాటులో లేను, 8 అంటే ఉన్నాను. మధ్యాహ్నం 1:05కి “ట్వెల్వ్, టెన్-సెవెన్” అని, 1:40కి “ట్వెల్వ్, టెన్-ఎయిట్” అని వినిపించింది. ఆ 35 నిమిషాలు కారులోని మనిషి ఎక్కడికెళ్లి ఉంటాడు? టైమ్ ఒకసారి చూసి జవాబు రాయండి.