కంపైలర్ దోషాలు: సందేశం కనిపించిన చోటు నుంచి అసలు కారణం దాకా

మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఇచ్చే దోష సందేశంలో సాధారణంగా ఫైలు పేరు, వరుస సంఖ్య, ఒక ఫిర్యాదు ఉంటాయి. కొత్తగా ప్రోగ్రామింగు నేర్చుకునేవారు ఎక్కువగా చిక్కుకునేది వరుస సంఖ్య దగ్గరే. తప్పు అక్కడే ఉందనుకుని, ఏ లోపమూ లేని ఆ వరుసనే పదేపదే మార్చి చూస్తారు. తాను చదువుతున్నది ఇక పొసగడం లేదని కంపైలర్ గ్రహించిన చోటును ఆ సంఖ్య చూపిస్తుంది. పొరపాటు మాత్రం అంతకు ముందు వరుసలో ఉండవచ్చు, మరో ఫైలులో ఉండవచ్చు, కొన్నిసార్లు ప్రోగ్రాం అంతా సరిగ్గానే ఉండి, దానిని కంపైల్ చేయడానికి ఇచ్చిన ఆదేశంలో ఉండవచ్చు. అందువల్ల సందేశం చూడగానే, ఆ ఫిర్యాదు ఏ దశలో వచ్చిందో ముందు తేల్చుకోవాలి.

సీ, సీ++ భాషల్లో ఈ దశలు విడివిడిగా కనిపిస్తాయి. ముందు ప్రీప్రాసెసర్ అనే భాగం, ఫంక్షన్ల ప్రకటనలుండే హెడర్ ఫైళ్లను తెచ్చి కలుపుతుంది. తర్వాత కంపైలర్ అక్షరాలను పదాలుగా విడదీసి, వాక్యనిర్మాణాన్ని పరిశీలించి, పేర్లూ టైపులూ కుదిరాయో లేదో చూసి, యంత్రభాషలో ఉండే ఆబ్జెక్ట్ ఫైలును తయారుచేస్తుంది. చివరికి లింకర్ ఆ ఆబ్జెక్ట్ ఫైళ్లను, లైబ్రరీలను ఒకటిగా జోడిస్తుంది. ఒక్కో దశ ఫిర్యాదుకు ఒక్కో తీరు ఉంటుంది, ఆ తీరును గుర్తుపడితే వెతకవలసిన చోటు బాగా తగ్గుతుంది.

ఒక్క పొరపాటుకు పదుల కొద్దీ సందేశాలు

నిన్నటిదాకా కంపైల్ అయిన ప్రోగ్రాంలో చిన్న మార్పు చేయగానే తెర నిండా సందేశాలు వస్తే, తప్పులు అన్ని ఉన్నాయని బెంబేలు పడనవసరం లేదు. ఒక సెమికోలనో, మూసే బ్రాకెట్టో లోపించినప్పుడు కంపైలర్ వాక్యనిర్మాణంలో దారి తప్పుతుంది. ఆ తర్వాత అది చదివేదంతా తప్పుగానే తోస్తుంది. మొదటి సందేశాన్ని మాత్రమే చదివి, దాన్ని సరిచేసి, మళ్లీ కంపైల్ చేయాలి. మిగిలినవాటిలో చాలా భాగం వాటంతటవే పోతాయి.

ఈ రకంలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది హెడర్ ఫైలు చివర ఉన్న స్ట్రక్ట్ లేదా క్లాస్ నిర్వచనం తర్వాత సెమికోలన్ మరచిపోవడం. ఆ హెడరును కలుపుకున్న ఫైలులో తర్వాత వచ్చే మొదటి మాట దగ్గర కంపైలర్ ఆగవచ్చు కనుక, సందేశం ఆ రెండో ఫైలు పేరుతో రావచ్చు. ఏ తప్పూ కనిపించని వరుస మీద ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ వరుసకు పైన ఉన్న వాక్యాన్ని, ఆ పైన ఉన్న హెడర్ల చివరి వరుసలను చూడాలి. పైథాన్‌లో మూయని బ్రాకెట్టుకు చాలాకాలం కింది వరుస మీద 'ఇన్‌వాలిడ్ సింటాక్స్' అనే మాటే వచ్చేది. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి, తెరిచిన బ్రాకెట్టును చూపించి అది మూతపడలేదని పైథాన్ నేరుగా చెబుతోంది. పాత పైథాన్‌తో తంటాలు పడుతున్నవారికి వెర్షన్ మార్చుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

కంటికి కనిపించని అక్షరాలు

లక్షణం ఇలా ఉంటుంది: ప్రోగ్రాం చూడటానికి పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది, కానీ సీ, సీ++ కంపైలర్ అయిన జీసీసీ 'స్ట్రే' అనే మాటతో మొదలుపెట్టి \342, \200, \234 వంటి సంఖ్యలను వరుసగా చూపిస్తుంది. పీడీఎఫ్ ల్యాబ్ మాన్యువల్ నుంచో, వర్డ్ ఫైలు నుంచో, వాట్సాప్ సందేశం నుంచో ప్రోగ్రామును కాపీ చేసినప్పుడు ఇది తరచుగా ఎదురవుతుంది. ఆ మూడు సంఖ్యలూ వంపు తిరిగిన ఎడమ కొటేషన్ గుర్తుకు యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఉండే మూడు బైట్లు, ఆక్టల్ పద్ధతిలో (ఎనిమిది ఆధారంగా) రాసినవి. చివరి సంఖ్య 235 అయితే అది కుడి కొటేషన్ గుర్తు, 223 అయితే తీసివేత గుర్తు స్థానంలో చేరిన పొడవాటి అడ్డగీత. \302, \240 అనే జంట కనిపిస్తే, మామూలు ఖాళీ స్థానంలో వరుస విరగని ప్రత్యేకమైన ఖాళీ వచ్చి కూర్చుంది. ఆ గుర్తులను చెరిపి కీబోర్డు మీద మళ్లీ టైప్ చేయడమే పరిష్కారం. ఎక్కువ ఉంటే ఎడిటర్‌లోని వెతికి మార్చే సదుపాయంతో ఒకేసారి మార్చవచ్చు.

తెలుగులో టైప్ చేసేవారికి ఇందులో మరో చిక్కు ఉంది. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలో పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఉండటానికి వాడే, వెడల్పు లేని విడదీత అక్షరం యూనికోడ్‌లో 200సి స్థానంలో ఉంది. పైథాన్ 3 లో వేరియబుల్ పేర్లను తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు కానీ ఈ అక్షరం పేరులో చేరితే, ముద్రణకు రాని అక్షరం చెల్లదని దాని సంఖ్యతో సహా సింటాక్స్ దోషం వస్తుంది. ఇది కొటేషన్ల మధ్య ఉన్న తెలుగు మాటలో చేరితే ఏ దోషమూ రాదు. అప్పుడు చూపుకు ఒకేలా ఉన్న రెండు మాటలు పోల్చినప్పుడు సమానం కాకుండా పోతాయి, డిక్షనరీలో ఉన్న కీ దొరకకుండా పోతుంది. అటువంటి అనుమానం వచ్చినప్పుడు రెండు మాటల పొడవులను ముద్రించి చూడాలి. వాటిలో తేడా ఉంటే ఆ అక్షరాన్ని తొలగించిన తర్వాతే పోల్చాలి.

జావాలో తెలుగు వాక్యాలు రాసిన ఫైలును విండోస్‌లో కంపైల్ చేసినప్పుడు 'అన్‌మ్యాపబుల్ క్యారెక్టర్' అనే సందేశం వస్తే తెలుగును నిందించి ఆంగ్లంలోకి మారిపోనక్కరలేదు. పాత జావా కంపైలర్ ఫైలును సాధారణంగా విండోస్ తాలూకు 1252 అనే అక్షర సంకేతాల పట్టిక ప్రకారం చదువుతుంది. పొల్లుకు యూటీఎఫ్-8 లో చివరి బైటు, పదహారు ఆధారంగా రాస్తే, 8డి, కొమ్ముకు చివరి బైటు 81. ఆ రెండు స్థానాలూ 1252 పట్టికలో ఖాళీగా ఉన్నాయి. పొల్లు గానీ కొమ్ము గానీ లేని తెలుగు వాక్యం దొరకడం అరుదు కనుక ఫిర్యాదు తప్పించుకోవడం కష్టం. కంపైల్ ఆదేశంలో ఎన్‌కోడింగ్ ఆప్షనుగా యూటీఎఫ్-8 అని ఇస్తే సరిపోతుంది. 2022 లో వచ్చిన జావా 18 నుంచి అదే డిఫాల్టు అయింది.

అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్

సీ, సీ++ నేర్చుకునేవారిని అన్నిటికంటే ఎక్కువ వేధించేది ఇదే కనుక దీని మీద కొంత సేపు నిలవాలి. ఈ సందేశం వచ్చిందంటే కంపైలర్ పని విజయవంతంగా ముగిసిందని అర్థం. వాక్యనిర్మాణంలో గానీ టైపుల్లో గానీ అది అడ్డుపెట్టదగిన తప్పు లేదు. ఒక ఫంక్షను ఉంటుందని ఎవరో మాట ఇచ్చారు, ఆ ఫంక్షను తాలూకు అసలు శరీరం లింకర్‌కు ఎక్కడా దొరకలేదు. కాబట్టి హెడర్ ఫైలును మరోసారి కలిపినందువల్ల ఏ ప్రయోజనమూ లేదు, ఎందుకంటే హెడర్‌లో సాధారణంగా ఉండేది ఆ మాట మాత్రమే.

మొదట చూడవలసింది ఫంక్షను రాసిన ఫైలును ఆదేశంలో ఇచ్చామా లేదా అన్నది. రెండు ఫైళ్లున్న ప్రోగ్రాంలో ఒకదానినే కంపైల్ చేయడం ఈ దోషానికి చాలా మామూలు కారణం. వెతుకుతున్న పేరు 'మెయిన్' అయితే, ఆ ఫంక్షను పేరు తప్పు రాసి ఉండాలి లేదా అది ఉన్న ఫైలు ఆదేశంలో లేకపోయి ఉండాలి.

రెండోది లైబ్రరీ. లినక్స్‌లో వర్గమూలం వంటి గణిత ఫంక్షన్లు వాడితే ఆదేశం చివర గణిత లైబ్రరీని చేర్చే -ఎల్ఎమ్ ఆప్షను ఇవ్వాలి. ఇక్కడ చాలామందిని అయోమయంలో పడేసే విషయం ఒకటుంది. 16 కు వర్గమూలం కట్టమని స్థిరసంఖ్యతోనే రాస్తే ఆ ఆప్షను లేకుండానే పని జరుగుతుంది, అదే సంఖ్యను వినియోగదారు దగ్గర తీసుకుంటే జరగదు. మొదటి సందర్భంలో జీసీసీ ఆ జవాబును కంపైల్ చేసేటప్పుడే కట్టేసి, ఫంక్షనును పిలవవలసిన అవసరం లేకుండా చేస్తుంది. ఆప్షను పెట్టే స్థానం కూడా ముఖ్యమే. లింకర్ ఆదేశాన్ని ఎడమ నుంచి కుడికి చదువుతూ, అప్పటిదాకా తేలని పేర్లకు కావలసినవాటినే స్టాటిక్ లైబ్రరీ నుంచి తీసుకుంటుంది. లైబ్రరీని ముందు, దాన్ని వాడే ఫైలును తర్వాత ఇస్తే, లైబ్రరీ వంతు వచ్చేసరికి ఎవరికీ ఏదీ అవసరం లేనట్టే ఉంటుంది. ముందు మన ఫైళ్లు, తర్వాత లైబ్రరీలు అన్న క్రమాన్ని అలవాటు చేసుకోవాలి.

మూడోది సీలో రాసిన ఫంక్షనును సీ++ నుంచి పిలిచినప్పుడు వచ్చేది. ఓవర్‌లోడింగు (ఒకే పేరుతో వేర్వేరు టైపులకు ఫంక్షన్లు రాసుకోవడం) కోసం సీ++ కంపైలర్ ఫంక్షను పేరులో ఆర్గ్యుమెంట్ల టైపులను కూడా కలిపేస్తుంది, సీ కంపైలర్ కలపదు. దోష సందేశంలో పేరు పక్కన కుండలీకరణాల్లో టైపులు కనిపిస్తే, లింకర్ వెతుకుతున్నది సీ++ పద్ధతిలో మారిన పేరునని తెలుస్తుంది. ఆ ఫంక్షను సీలో రాసినదైతే, దాని ప్రకటనను ఎక్స్‌టర్న్ సీ అనే గుర్తింపుతో హెడర్‌లో పెట్టాలి. టెంప్లేట్ (వేర్వేరు టైపులకు పనికొచ్చే అచ్చులాంటి ఫంక్షను లేదా క్లాస్) శరీరాన్ని హెడర్‌లో కాక వేరే ఫైలులో రాసినప్పుడు కూడా ఇదే సందేశం వస్తుంది. దాన్ని హెడర్‌లోకి మార్చడమే సులువైన మార్గం. ఏ అంచనాకూ అందకపోతే ఆబ్జెక్ట్ ఫైలు మీద ఎన్ఎమ్ అనే పనిముట్టును నడపాలి. పేరు పక్కన యు అక్షరం ఉంటే ఆ ఫైలు దాన్ని బయట నుంచి ఆశిస్తోంది, టి ఉంటే ఫంక్షను శరీరం అందులోనే ఉంది. ఊహలతో గంటలు గడపడం కంటే ఈ జాబితాను ఒకసారి చదవడం ఎంతో మేలు.

దీనికి సరిగ్గా ఎదురు సమస్య 'మల్టిపుల్ డెఫినిషన్'. వేరియబులును హెడర్‌లోనే నిర్వచించి, ఆ హెడరును రెండు ఫైళ్లలో కలిపితే ఇది వస్తుంది. విలువ ఇవ్వకుండా రాసిన అటువంటి సీ వేరియబుళ్లను జీసీసీ చాలాకాలం ఒకటిగా కలిపి ఊరుకునేది. 2020 లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఊరుకోవడం లేదు కనుక, ఏళ్ల తరబడి పనిచేసిన ప్రోగ్రాములు కొత్త కంప్యూటరులో ఒక్కసారిగా ఆగిపోయాయి. హెడర్‌లో ఎక్స్‌టర్న్ అన్న ప్రకటన ఉంచి, నిర్వచనాన్ని ఒకే ఒక్క ఫైలులో రాయాలి.

టర్బో సీ నుంచి జీసీసీకి వచ్చినవారికి

డాస్ కాలపు టర్బో సీ++ మీద నేర్చుకున్నవారు ఆ ప్రోగ్రామునే కొత్త కంపైలరుకు ఇస్తే కోనియో.హెచ్ ఫైలు లేదన్న సందేశం రావచ్చు. అది ప్రామాణిక భాషలో భాగం కాదు. ఆ వరుసను, తెరను తుడిచే క్లియర్‌స్క్రీన్ పిలుపును, చివరన ఉండే గెట్‌సీహెచ్‌ను తీసేస్తే పోయేదేమీ లేదు. ఐఓస్ట్రీమ్‌కు .హెచ్ తోక పెట్టకూడదు, 1998 నాటి ప్రమాణం నుంచి దాని పేర్లన్నీ ఎస్‌టీడీ నేమ్‌స్పేస్‌లో (పేర్ల సముదాయంలో) ఉన్నాయి. మెయిన్ ఫంక్షను వాయిడ్ కాక ఇంట్ తిప్పి ఇవ్వాలి. గెట్స్ ఫంక్షను 2011 ప్రమాణంలో భాష నుంచే తొలగిపోయింది, ఎఫ్‌గెట్స్ వాడాలి. ఇవన్నీ కంపైలర్ పట్టుకునేవి. పట్టుకోనిది ఒకటుంది: టర్బోలో ఇంట్ 16 బిట్లది, 32767 దాటితే రుణసంఖ్యలోకి దూకేది, జీసీసీలో అది సాధారణంగా 32 బిట్లు. పాత పరిమాణాన్ని నమ్ముకుని రాసిన లెక్కలు వేరే జవాబు ఇస్తాయి.

జావా, గో, రస్ట్

జావాలో 'కెనాట్ ఫైండ్ సింబల్' వస్తే సందేశం కింది వరుసల్లో ఆ పేరు ఏ రకానిదో, ఎక్కడ వెతికారో కూడా ఉంటుంది. అక్షరక్రమం, పెద్ద-చిన్న అక్షరాల తేడా, మరచిన ఇంపోర్టు, క్లాస్‌పాత్‌లో లేని జార్ ఫైలు అన్న వరుసలో చూడాలి. 'అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్' మాత్రం కొత్త జావాతో కంపైల్ చేసినదాన్ని పాత జావాతో నడిపినప్పుడు వస్తుంది. అందులో కనిపించే సంఖ్య నుంచి 44 తీసివేస్తే కావలసిన జావా వెర్షన్ తెలుస్తుంది: 52 అంటే 8, 61 అంటే 17, 65 అంటే 21. నడిపే చోట జావాను మార్చాలి, లేదా కంపైల్ చేసేటప్పుడు రిలీజ్ ఆప్షనుతో పాత వెర్షనును కోరాలి.

గో భాషలో ప్రకటించి వాడని లోకల్ వేరియబుల్ కూడా దోషమే, తీసేయడమే మందు. రస్ట్‌లో ఈ0382 సంఖ్యతో వచ్చే ఫిర్యాదు, ఒక విలువ యాజమాన్యం వేరొకరికి వెళ్లిపోయాక దాన్ని మళ్లీ వాడినందుకు వస్తుంది. కనిపించిన చోటల్లా నకలు తీసే క్లోన్ పెట్టి నోరు మూయించడం నాకు సమ్మతం కాదు. ఫంక్షనుకు ఆ విలువ చదవడానికే కావాలంటే రిఫరెన్సు ఇస్తే చాలు. సంఖ్యను ఇచ్చి వివరణ అడిగితే రస్ట్ కంపైలరే ఉదాహరణతో సహా పాఠం చెబుతుంది.

హెచ్చరికలతో సరిపెట్టినవి

ప్రోగ్రాం కంపైల్ అయింది, జవాబు తప్పు వస్తోంది. సీలో దీనికి సగం కారణాలు కంపైలర్ చెప్పగలిగినవే: పోలికకు బదులు ఒకే = గుర్తు రాయడం, స్కాన్‌ఎఫ్‌లో & మరవడం, విలువ తిప్పి ఇవ్వవలసిన ఫంక్షను ఏమీ ఇవ్వకుండా ముగియడం. ఇవి హెచ్చరికలుగా వస్తాయి, కొన్ని అడిగితేనే వస్తాయి. అన్ని ముఖ్యమైన హెచ్చరికలనూ చూపమనే 'వాల్' (-Wall) ఆప్షను లేకుండా సీ ప్రోగ్రాం కంపైల్ చేయకూడదని నా అభిప్రాయం. 2024 మేలో వచ్చిన జీసీసీ 14 లో, ప్రకటించని ఫంక్షనును పిలవడం హెచ్చరిక స్థాయి నుంచి దోషం స్థాయికి చేరింది. దీనితో ఆగిపోయిన పాత ప్రోగ్రామును పాత ప్రమాణపు ఆప్షనుతో నెట్టుకురావడం కన్నా, లోపించిన హెడరును చేర్చడమే సరైనది.

ఇన్ని చూసినా తేలనప్పుడు ఇతరులను అడగవలసి వస్తుంది. అప్పుడు తెర ఫోటో కాకుండా మొదటి సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా, కంపైలర్ పేరు, వెర్షను, ఇచ్చిన ఆదేశంతో సహా రాయాలి. ప్రోగ్రాంలో ఆ దోషానికి సంబంధం లేని భాగాలను ఒక్కొక్కటిగా తీసేస్తూ, తీసిన ప్రతిసారీ కంపైల్ చేసి, దోషం ఇంకా వస్తున్న అతి చిన్న ముక్కను జతచేయాలి. ఆ ముక్కను తయారుచేస్తుండగా ఏ వరుస తీయగానే దోషం మాయమైందో, అక్కడే చాలాసార్లు కారణం దొరికిపోతుంది.