వెన్ను వంకర ఆపరేషన్ తర్వాత భుజాలు ఎగుడుదిగుడుగా కనిపిస్తే ఏం చేయాలి?

మా అమ్మాయికి 14 ఏళ్లప్పుడు విశాఖపట్నంలో స్కోలియోసిస్ (వెన్ను పక్కకు వంగడం) ఆపరేషన్ చేయించి శ్రీకాకుళం తీసుకొచ్చాం. పదో రోజు తల దువ్వుకుంటూ అద్దంలో చూసుకుని, "అమ్మా, ముందు కుడి భుజం కదా పైకుండేది? ఇప్పుడు ఎడమది లేచిందేంటి?" అంది. మా అత్తగారు వచ్చి "ఓపాలి తిన్నగా నిల్చో అమ్మీ" అన్నారు. పిల్ల తిన్నగానే నిల్చుంది. భుజమే పైకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత డాక్టరు చెప్పినవీ, మేం చేసి చూసినవీ ఇక్కడ రాస్తున్నాను. మీ సర్జన్ చెప్పిన మాట వేరేగా ఉంటే అదే వినండి.

ముందు కారణం తెలుసుకోండి

టీనేజీ పిల్లల్లో ఎక్కువగా ఛాతీ దగ్గర వెన్ను కుడివైపు వంగుతుంది. దాని పైన, మెడ కింద, ఎదురువైపు ఇంకో చిన్న వంపు ఉంటుంది. పందిరి రాటను తలుచుకోండి. మధ్యలో వంపు సరిచేసినా పైకొస వాలి ఉంటే, దాని మీద వేసిన దూలం కూడా వాలుతుంది. పెద్ద వంపు బాగా తిన్నబడి పై చిన్న వంపు బిగుసుకుని ఉండిపోతే ఎడమ భుజం లేస్తుంది. అంటే ఆపరేషన్ చెడిపోయిందని కాదు. ఆపరేషన్‌లో వంగిన చోట పూసలకు స్క్రూలు వేసి రాడ్లు బిగిస్తారు. స్క్రూలు వేయని పూసలు మెల్లగా సర్దుకుంటాయి. చాలామందిలో తేడా నెలల మీద తగ్గుతూ వస్తుంది, కొందరికి రెండేళ్లు పడుతుంది. కొద్దిగా మిగిలిపోయేవాళ్లూ ఉంటారు.

డిశ్చార్జి రోజే అడగాల్సినవి

ఏ పూస నుంచి ఏ పూస దాకా స్క్రూలు వేశారో కాగితం మీద రాయించుకోండి. ఆపరేషన్‌కు ముందు, తర్వాత నిలబెట్టి తీసిన ఎక్స్‌రేల కాపీలు తీసుకోండి. ఎన్ని కిలోలు ఎత్తవచ్చు, ఎన్నాళ్లు వంగకూడదు, కుట్ల మీద నీళ్లు ఎప్పుడు పోయాలి అనేవి అక్కడే అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకుంటే తర్వాతి చెకప్‌ల సంగతి ఆరోగ్యమిత్రను అడిగి ఉంచుకోండి. ఇంటికొచ్చాక ఫోన్లో కనుక్కోవడం కష్టం.

తిరుగు ప్రయాణానికి ఆటో వద్దు. కారు ముందు సీటు కొంచెం వెనక్కి వాల్చండి. మేం తగరపువలసలో ఒకసారి, రణస్థలంలో ఒకసారి ఆపి నాలుగడుగులు నడిపించాం.

మొదటి ఆరు వారాలు

రాడ్లు, స్క్రూలు ఎముకలు అతుక్కునేదాకా పట్టి ఉంచడానికే. ఆ అతుకు గట్టిపడటానికి 6 నెలల నుంచి ఏడాది పడుతుంది. అందాకా నడుం వంచడం, మెలితిప్పడం, బరువులెత్తడం కుదరదు. మాకు 3 కిలోలు దాటొద్దన్నారు. నీళ్ల బిందె సంగతి ఇక మర్చిపోవాలి.

మంచం మీంచి లేచేటప్పుడు దుంగలా దొర్లాలి. భుజాలు, తుంటి ఒక్కసారే పక్కకు తిరగాలి. ఆ తర్వాత కాళ్లు కిందికి వేస్తూ చేత్తో నొక్కి లేవాలి. మొదటి వారం నేను వెనక నిలబడి "ఒకటి, రెండు" అని లెక్క చెప్పేదాన్ని. పీట మీద కూర్చోవద్దు. నేల మీద కట్టిన మరుగుదొడ్డే ఉంటే పైన పెట్టే కమోడ్ కుర్చీ కొనండి. పళ్లెం, మందులు, సబ్బు, చార్జరు నడుం ఎత్తులో ఉంచండి.

రోజూ నడిపించాలి, కొద్దికొద్దిగా. నొప్పి మందులకు మలబద్ధకం వస్తుంది కాబట్టి నీళ్లు, పళ్లు, చోడి (రాగి) అంబలి బాగా ఇచ్చాం. తిన్న ప్రతిసారీ వాంతి అవుతుంటే మాత్రం గ్యాస్ అనుకుని ఊరుకోకండి. వెన్ను తిన్నబడ్డాక అరుదుగా పేగు నొక్కుకుపోయే అవకాశం ఉంది.

భుజాలను ఎలా చూడాలి

రోజూ అద్దం ముందు నిలబెట్టకండి. ఆ తప్పు నేను చేశాను, పిల్ల అద్దం చూడటమే మానేసింది. నెలకొక్క ఫొటో చాలు. అదే గోడ, అదే వెలుతురు, చెప్పులు లేకుండా, జుట్టు పైకి ముడివేసి, చేతులు వదిలేసి, వెనక నుంచి తీయాలి. గోడ మీద అడ్డంగా ఒక దారం కట్టి ఉంచితే తేడా తెలుస్తుంది. సుమారు 2 సెంటీమీటర్లు దాటితేనే డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. అంతకన్నా తక్కువైతే బయటివాళ్లకు కనిపించేది తక్కువ.

పైకున్న భుజానికి బ్యాగు తగిలిస్తే కిందికి దిగుతుందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. దిగదు, వెన్నుకు బరువు పడుతుంది. నాటు వైద్యుల దగ్గర నూనె మర్దన, పట్టు కట్టించడం అస్సలు వద్దు, లోపల స్క్రూలున్నాయి. వ్యాయామం డాక్టరు సరేనన్నాకే, ఫిజియోథెరపిస్టు చూపించినట్టే చేయించండి. అతుక్కున్న ఎముకలను వ్యాయామం కదపలేదు. చుట్టూ ఉన్న కండలకు బలమిస్తుంది, నిలబడే తీరు మెరుగవుతుంది.

బట్టల విషయం ఎవరూ చెప్పరు. కిందికున్న భుజం వైపు డ్రెస్సు లోపల పల్చని ప్యాడు కుట్టమని టైలరుకు చెప్పండి. మెడ మరీ వెడల్పు పెట్టించకండి. మా అమ్మాయి ఎత్తు కూడా కాస్త పెరిగింది, యూనిఫాం పొట్టిదైపోయింది. దానికి మాత్రం మురిసిపోయింది.

బడికి పంపేటప్పుడు

చాలామంది 3 నుంచి 6 వారాల్లో వెళ్తారు. మొదట సగం పూట పంపండి. పుస్తకాలు రెండు సెట్లుంటే ఒకటి బడిలోనే పెట్టించండి. గంటకోసారి లేచి నిలబడనివ్వమని టీచరుకు చెప్పండి. పీఈటీ మాస్టారుకు డాక్టరు చీటీ చూపించండి.

ఆగకుండా వెళ్లాల్సిన పరిస్థితులు

101 డిగ్రీల జ్వరం, కుట్ల నుంచి చీము లేదా నీరు, కాళ్లలో కొత్తగా తిమ్మిరి లేదా బలహీనత, మూత్రం ఆపుకోలేకపోవడం, ఆయాసం, పిక్క వాచి నొప్పి పెట్టడం. ఇవి కనిపిస్తే ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రికి, శ్రీకాకుళమైనా విజయనగరమైనా, తీసుకెళ్లి అక్కడి నుంచి సర్జన్‌కు ఫోన్ చేయండి. భుజం తేడా నెలనెలా పెరుగుతున్నా, వీపులో ఎక్కడైనా 'టక్' మని కొత్త నొప్పి మొదలైనా చెకప్ తేదీ దాకా ఆగొద్దు.

చెకప్‌కు వెళ్లేటప్పుడు నెలనెలా తీసిన ఫొటోలు తేదీలతో ఒకే ఫోల్డరులో పెట్టుకెళ్లండి. ఎక్స్‌రే ఊళ్లో తీయించాలనుకుంటే, మెడ నుంచి తుంటి దాకా మొత్తం వెన్ను ఒకే ఫిల్ములో, నిలబెట్టి తీస్తారా అని ముందే అడగండి. మేం అడగకుండా రెండు ముక్కలుగా తీయించుకెళ్లాం, అక్కడ మళ్లీ తీయాల్సి వచ్చింది.