ఆటిజం ఉన్న బిడ్డతో ఆదివారం ఆరాధనకు

మూడు గంటలసేపు సాగే ఆరాధనలో ఆటిజం ఉన్న బిడ్డకు ఎక్కువగా కష్టమయ్యేది ప్రార్థనో వాక్యమో కాదు, మైకు. రేకుల కప్పు కింద రెండు పెద్ద సౌండ్ బాక్సులు, కీబోర్డు, రిథమ్ ప్యాడ్, వాటికి తోడు చప్పట్లు. చెవి సున్నితంగా ఉన్న బిడ్డకు ఆ శబ్దం దెబ్బలా తగులుతుంది. చెవులు మూసుకుని కేకలు పెడితే "దయ్యం ఆరాధనకు ఓర్చుకోలేకపోతోంది" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది దయ్యం కాదు. ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా. కన్నవాళ్ళ పాపమూ కాదు. పుట్టుగుడ్డివాడి విషయంలో శిష్యులు అదే అడిగితే, యోహాను సువార్త 9వ అధ్యాయంలో ప్రభువే కాదని చెప్పాడు. బిడ్డను మార్చాలని చూసే ముందు మందిరంలో ఏర్పాట్లు మార్చుకోవాలి.

ముందు శనివారం సాయంత్రం మందిరం ఖాళీగా ఉన్నప్పుడు తీసుకెళ్ళండి. చెప్పులు ఎక్కడ విడవాలో, ఎక్కడ కూర్చోవాలో, బయటికి దారి ఎటో చూపించండి. పక్క తలుపు దగ్గర, సౌండ్ బాక్సుకు ఎదురుగా లేని చోటు చూసుకుని, ప్రతి వారం అక్కడే కూర్చోండి. వెనక వరసలో కూర్చుంటే సరిపోతుందనుకోవద్దు. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది గానీ, గోడలకూ రేకులకూ కొట్టుకుని తిరిగొచ్చే శబ్దం గదిలో అంతగా తగ్గదు.

అందుకే ఫ్యాక్టరీల్లో పెట్టుకునే రకం ఇయర్ మఫ్స్ కొనండి. అవి ఆదివారం పొద్దున్నే మొదటిసారి తలకు తగిలిస్తే విసిరికొడతారు. బిగుతు, చెమట, కొత్తదనం మూడూ ఒకేసారి మీద పడతాయి కదా. ఇంట్లో ఇష్టమైన ఆట ఆడేటప్పుడు రోజూ ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, రెండు వారాల్లో ఇరవై నిమిషాలకు తీసుకురండి. సౌండ్ చూసుకునే తమ్ముడితో ముందే మాట్లాడండి. ఆరాధనకు ముందే మైకులు సరిచూసి కీచుమనకుండా చేయాలి, మొదటి పాట తక్కువ శబ్దంతో మొదలవ్వాలి, వాక్యం చెప్పేటప్పుడు ఎకో తీసేయాలి. ఎకోలో ఒక మాట మీద ఇంకో మాట పడుతుంది, ఈ బిడ్డలకు ఏదీ విడిగా వినపడదు.

పాటలంటే ఇష్టమని చాలామంది మొదట్లోనే తీసుకెళ్తారు. శబ్దం ఎక్కువగా ఉండేది అప్పుడే. మొదటి రెండు వారాలు చివరి పదిహేను నిమిషాలకే వెళ్ళండి. ముగింపు ప్రార్థన, ఆశీర్వాదం, ఇల్లు. తర్వాత రెండేసి వారాలకు పదిహేను నిమిషాల చొప్పున ముందుకు జరపండి. బిడ్డ ప్రతిసారీ ఆరాధన చివరి దాకా ఉండి ఇంటికొస్తుంది. ఈ పద్ధతి బలమంతా అందులోనే ఉంది. కేక పెట్టాక బయటికి తెస్తే, బయటికి రావాలంటే కేక పెట్టాలని నేర్చుకుంటుంది.

మీ మందిరంలోనే ఫోన్‌తో ఫోటోలు తీసి వరుసగా అట్ట మీద అంటించండి: చెప్పులు, చాప, పాట, ప్రార్థన, వాక్యం, కానుక, ఆశీర్వాదం, ఇల్లు. ఒక్కొక్కటి అయిపోగానే తీసేయండి. "మార్పు" అని ఇంకో కార్డు తప్పకుండా ఉంచండి. అనుకోకుండా ఎవరో సాక్ష్యం చెప్పడానికి లేస్తారు, వేరే ఊరి దైవజనులు వస్తారు. ఆ కార్డు లేకపోతే అట్ట అబద్ధమైపోతుంది.

పాస్టర్ గారితో వారం మధ్యలో, ఇంటి దగ్గర మాట్లాడండి. సూటిగా చెప్తే చాలు: "అయ్యగారూ, బాబు ఊగుతాడు, ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటాడు, అది అల్లరి కాదండి. ప్రార్థన చేసేటప్పుడు తల మీద చెయ్యి పెట్టకండి, పక్కన నిలబడి చేయండి." కళ్ళు మూసుకోమని ఎవరూ బలవంతపెట్టకూడదు. ఒకే వాక్యం పదిసార్లు అంటున్నా, వాడి ప్రార్థన అదే కావచ్చు.

ప్రభువు బల్లకు ఇంట్లో సాధన కావాలి. మీ సంఘంలో వాడే రకం రొట్టె ప్రార్థన చేయనిది అడిగి తెచ్చుకోండి. మొదటి మూడు రోజులు పళ్ళెంలో పెట్టి చూపించండి, అంతే. తర్వాత వాసన, వేలితో తాకడం, పెదవికి ఆనించడం. మింగేటప్పుడు శనగ గింజంత ముక్క చాలు. తొందరపడితే రొట్టె మెత్తదనం నాలుక మీద అసహ్యమై నిలిచిపోతుంది, నెలల తరబడి నోరు తెరవరు. ద్రాక్షరసం చెంచాతో మొదలుపెట్టండి. అందరూ తాగే ఒకే గిన్నె అయితే, చిన్న గ్లాసు విడిగా ఇవ్వమని పెద్దలను ముందే అడగండి. కథోలిక సంఘంలో అప్పం మింగలేనివారికి అవసరాన్ని బట్టి ద్రాక్షారసం మాత్రమే ఇవ్వడానికి చర్చి చట్టం 925వ నిబంధన వీలిస్తుంది. మాట రాని వ్యక్తిని నోటితో సాక్ష్యం చెప్పమనకండి. తల ఊపినా, బొమ్మ మీద వేలు పెట్టినా జవాబే.

ముంచే బాప్తిస్మంలో భయపెట్టేది నీళ్ళకన్నా వెనక్కి వాలడం. మోకాళ్ళ మీద కూర్చుని ముందుకు వంగి మునగడానికి ఒప్పుకోమని అడగండి. తొట్టి అయితే పొద్దున్నే నింపితే ఎండకు చలి విరుగుతుంది. "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి ముంచాలి. లేవగానే చప్పట్లు వద్దు. పొడి తువ్వాలు గట్టు మీదే సిద్ధంగా ఉండాలి, తడి బట్ట ఒంటికి అంటుకోవడం చాలామంది ఓర్చుకోలేరు.

ప్రసంగంలోని మాటలు ఉన్నవి ఉన్నట్టే పట్టుకునేవాళ్ళుంటారు. "కన్ను పెరికి పారవేయుము" విన్న పిల్లవాడు ఆ రాత్రి నిద్రపోకపోవచ్చు. ఆ సాయంత్రమే, చెడు చూడటం మానమని చెప్పిన పోలిక అది, కన్ను తీసుకోమని కాదు అని తేట మాటల్లో చెప్పండి. నరకం గురించి విన్నా అంతే.

ఇది మాత్రం గట్టిగా చెప్పాలి: స్వస్థత ప్రార్థన జరిగిందని మందులు ఆపొద్దు. ఆటిజం ఉన్నవారిలో మూర్ఛ రావడం మామూలు జనంలో కన్నా ఎక్కువ. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఆగని ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఉపవాసం పేరుతో మందుల వేళ తప్పించొద్దు. ఆటిజం ఉన్న చాలామందికి ఆకలి, దాహం వేస్తున్నట్టు కూడా తెలియదు. గొలుసులు వేసే ప్రార్థన కేంద్రాల్లో బిడ్డను ఒక్క రాత్రి కూడా వదలొద్దు.

బిడ్డ తట్టుకోలేక అదుపు తప్పితే పక్క తలుపులోంచి నీడకు తీసుకెళ్ళండి. ఒక్కరే దగ్గర ఉండండి. మాటలొద్దు, నూనె రాయొద్దు, చుట్టూ చేరి అన్యభాషల్లో ప్రార్థించొద్దు. తల నేలకేసి కొట్టుకుంటే మడిచిన దుప్పటి కింద పెట్టండి. నీళ్ళు అందేలా ఉంచండి. తేరుకోవడానికి అరగంటో ఇంకా ఎక్కువో పట్టవచ్చు. ఏలీయా అలసిపోయి బదరీచెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత రొట్టె, నీళ్ళు పెట్టాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. ఉపదేశం తర్వాత సంగతి.

పెద్దవాళ్ళకైతే "ఏదైనా సేవ చెయ్యి బాబూ" అంటే ఏం చేయాలో తెలియదు. పని పేరు, వేళ, లెక్క చెప్పండి: తొమ్మిదింటికి వచ్చి నలభై కుర్చీలు, వరసకు ఎనిమిది చొప్పున వేయాలి. లేదా పాటల స్లయిడ్లు వరుసలో పెట్టి, చరణం మారగానే మార్చాలి. ఆ పని ఆ వారం ఇంకొకరికి ఇచ్చేస్తే శనివారమే ఫోన్ చేసి చెప్పండి.