వలసలు, వేతనాలు: లెక్క చదవడం ఎలా? 4వ పాఠం: సగటులో ఎవరున్నారు?

పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు మీరు పంపిన జవాబులు చదివాక, ఈసారి చెప్పాలనుకున్న పాఠాన్ని వెనక్కి నెట్టాను. ప్రశ్న చిన్నదే. ఒక నగరంలోకి వలస కార్మికులు వచ్చారు, ఏడాది తిరిగేసరికి అక్కడి సగటు వేతనం తగ్గింది, మరి స్థానిక కార్మికులు నష్టపోయినట్టేనా? ఎక్కువమంది ‘నష్టపోయారు’ అని తేల్చేశారు. కొందరు గిరాకీ, సరఫరా గీతలు గీసి మరీ పంపారు. గీతలు చక్కగానే ఉన్నాయి కానీ ఆ ప్రశ్నకు వాటితో పనిలేదు. ఇచ్చిన సమాచారంతో చెప్పలేం అన్నదే సరైన జవాబు.

పనివాళ్లు పెరిగితే కూలి పడిపోతుందన్న వాదనా, వచ్చినవాళ్లు కూడా కొనుక్కుని తింటారు, ఇళ్లు అద్దెకు తీసుకుంటారు కాబట్టి పనులూ పెరుగుతాయన్న ఎదురు వాదనా మీకు తెలిసినవే. మళ్లీ చెప్పను. ఈ పాఠమంతా ఒక్క ఉచ్చు గురించే. చదువుకున్నవాళ్లు కూడా పదేపదే అందులోనే పడుతుంటే చిరాకు వేస్తుంది కనుక కాస్త సాగదీస్తాను, ఓర్చుకోండి.

కాగితం తీసుకోండి. నగరంలో పదిమంది స్థానికులు, ఒక్కొక్కరికి గంటకు 20 డాలర్లు. సగటు 20. ఇప్పుడు ఐదుగురు వలస కార్మికులు వచ్చి గంటకు 12 డాలర్లకు పనిలో చేరారు. వాళ్ల రాకతో స్థానికుల్లో ఒకరు మేస్త్రీ అయ్యారు, ఇంకొకరు లెక్కలు రాసే పనికి మారారు, అలా అందరికీ గంటకు ఒక డాలరు పెరిగిందనుకుందాం. స్థానికుల మొత్తం 210, వలస వచ్చినవారిది 60. కలిపి 270. దాన్ని పదిహేనుతో భాగిస్తే 18.

సగటు 20 నుంచి 18కి పడింది. స్థానికుల్లో ఎవరికైనా తగ్గిందా? ఒక్కరికీ తగ్గలేదు, పైగా ప్రతి ఒక్కరికీ పెరిగింది. వచ్చిన ఐదుగురూ ఇంతకుముందు తమ దేశంలో సంపాదించినదానికంటే ఎక్కువే సంపాదిస్తూ ఉండవచ్చు. పదిహేనుమందీ బాగుపడ్డారు, సగటు మాత్రం పడిపోయింది. నిన్నటి సగటులోనూ ఇవాళ్టి సగటులోనూ ఉన్నది ఒకే జనం కాదు.

‘అయితే వలసల వల్ల నష్టమే లేదన్నమాట’ అని గెంతకండి. ఇదే ఉచ్చు అటువైపు కూడా బిగుసుకుంటుంది. పదిమంది స్థానికుల్లో ఆరుగురికి 25, నలుగురికి 15 అనుకోండి. మొత్తం 210, సగటు 21. వలసలు వచ్చాక 15 డాలర్ల వాళ్లలో ఇద్దరి పని పోయింది. పని లేనివాళ్లకు వేతనం ఉండదు కాబట్టి వేతనాల పట్టికలోంచి వాళ్ల పేర్లు ఎగిరిపోయాయి. మిగిలినవారి మొత్తం 180, మనుషులు ఎనిమిది, సగటు 22.5. ‘వలసల తర్వాత స్థానికుల సగటు వేతనం పెరిగింది’ అని రాస్తే అక్షరాలా నిజమే. ఆ ఇద్దరూ ఇంట్లో కూర్చున్నారన్నదీ నిజమే.

ఇది కాగితం మీద అల్లిన వింత కాదు. 1991లో జర్మనీ తన సరిహద్దు జిల్లాల్లో చెక్ కార్మికులు పనిచేయడానికి అనుమతి ఇచ్చింది. నివాసం ఉండే వీలు లేదు, రోజూ వచ్చి పోవలసిందే. కాబట్టి ఇళ్ల అద్దెలూ కొనుగోళ్లూ ఆ ఊళ్లలో పెద్దగా పెరగలేదు. ఆర్థికవేత్త క్రిస్టియన్ డుస్ట్‌మన్, మరో ఇద్దరు కలిసి చేసిన అధ్యయనంలో, స్థానిక ఉపాధిలో చెక్ కార్మికుల వాటా ఒక శాతం పాయింటు పెరిగితే స్థానికుల వేతనాలు 0.13 శాతం మాత్రమే తగ్గాయి. స్థానికుల ఉపాధి మాత్రం దాదాపు 0.9 శాతం తగ్గింది. వేతనాల వరుస ఒక్కటే చూసినవారికి ఏమీ జరగనట్టే ఉంటుంది. తమాషా ఏమిటంటే, పనిలో ఉన్నవాళ్లను తీసేయడం వల్ల ఆ తగ్గుదల రాలేదు. కొత్తగా పనిలో చేరవలసిన స్థానికులు చేరకపోవడం వల్ల వచ్చింది. రానివాళ్లు ఏ పట్టికలో కనిపిస్తారు?

ఈ ఉచ్చుకు మంచి విరుగుడు ఒకటుంది. సగటును వదిలేసి అవే మనుషులను ఏళ్ల తరబడి వెంబడించడం. డెన్మార్క్‌లో అలాంటి రికార్డులు ఉండటంతో ఆర్థికవేత్తలు మెటె ఫోగెడ్, జొవానీ పెరీ ఆ పని చేశారు. శరణార్థులు చేరిన ప్రాంతాల్లో తక్కువ చదువున్న స్థానికులు ఒళ్లు వంచే పనులనుంచి మాటా లెక్కా అవసరమయ్యే పనుల్లోకి జరిగారని తేలింది. అన్ని దేశాల్లో అలాంటి రికార్డులు దొరకవు. దొరకని చోట సర్వేలే గతి, సర్వే అనగానే సగటు మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు అమెరికాలోని మయామీ నగరం. 1980 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా క్యూబాలోని మరియెల్ రేవు నుంచి దాదాపు 1,25,000 మంది పడవల్లో అమెరికా చేరారు. దాదాపు సగంమంది మయామీలోనే నిలిచిపోయారు. నగరంలో పనిచేసేవారి సంఖ్య ఇంచుమించు 7 శాతం ఒక్కసారిగా పెరిగింది. ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ 1990లో దీన్ని అట్లాంటా, లాస్ ఏంజెలిస్, హ్యూస్టన్, టాంపా నగరాలతో పోల్చాడు. మయామీలో నల్లజాతివారి నిరుద్యోగ రేటు 1979లో 8.3 శాతం, 1981లో 9.6. అంటే 1.3 పెరిగింది. ఇక్కడితో ఆగితే పడవలదే తప్పు. కానీ పోల్చిన నగరాల్లో అదే కాలంలో 10.3 నుంచి 12.6కు చేరింది, అంటే 2.3 పెరుగుదల. పడవలు రాని చోటే ఎక్కువ పెరిగింది. ఒక తేడాలోంచి ఇంకో తేడాను తీసేయడమే ఇక్కడి కిటుకు, రెండో పాఠంలో చేశాం. తక్కువ నైపుణ్యం ఉన్న కార్మికుల వేతనాల మీదా ప్రభావం దాదాపు కనిపించలేదని కార్డ్ తేల్చాడు.

ఈ ఫలితాన్ని కూడా నెత్తిన పెట్టుకోకండి. 1994లో మళ్లీ క్యూబా నుంచి పడవలు బయలుదేరాయి. ఈసారి అమెరికా వాటిని సముద్రంలోనే ఆపి, క్యూబా తీరంలోనే ఉన్న తన నౌకాస్థావరం గ్వాంటానమోకు మళ్లించింది. మయామీకి జనం రాలేదు. అయినా పోల్చిన నగరాలతో చూస్తే ఆ తర్వాత మయామీ నల్లజాతివారి నిరుద్యోగం బాగా ఎక్కువ పెరిగిందని ఆర్థికవేత్తలు ఆంగ్రిస్ట్, క్రూగర్ చూపించారు. రాని వలసకు ప్రభావం ఎక్కడిది? ఒక్క నగరం లెక్కలో ఇలాంటి ఊగిసలాట ఎప్పుడూ ఉంటుంది.

కార్డ్ అధ్యయనం వచ్చిన పాతికేళ్లకు జార్జ్ బోర్హాస్ అనే ఆర్థికవేత్త 1980 నాటి అదే మయామీని మళ్లీ తవ్వాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి హైస్కూలు చదువు లేదు, కాబట్టి అలాంటి స్థానికులనే విడిగా చూడాలన్నాడు. ఎవరి వేతనం అని అడగడం సరైన పనే. హైస్కూలు పూర్తిచేయని, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు) కాని, పని వయసు మగవారిని మాత్రమే తీసుకున్నాడు. వాళ్ల వేతనాలు 10 నుంచి 30 శాతం దాకా పడిపోయాయని తేల్చాడు.

ఏ పట్టిక చూసినా నేను ముందు అన్నిటికంటే కింది వరుసకు వెళతాను, ఎంతమందిని అడిగి రాశారో అక్కడ ఉంటుంది. ఫలితం తర్వాత చదువుతాను. బోర్హాస్ ఎంచుకున్న గుంపులో సర్వేకు చిక్కింది ఏడాదికి ఇరవైమంది, అటూ ఇటూగా. మైకేల్ క్లెమెన్స్, జెన్నిఫర్ హంట్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ ఇరవైమంది ఎవరని ఆరా తీశారు. తక్కువ చదువున్న నల్లజాతి మగవారు సర్వేల్లో లెక్కకు రాకుండా పోతున్నారని, సరిగ్గా 1980 ప్రాంతంలోనే అమెరికా జనగణన శాఖ వారిని చేర్చే ప్రయత్నాలు పెంచింది. దాంతో మయామీ గుంపులో నల్లజాతివారి వాటా ఒక్కసారిగా పెరిగింది. వివక్ష కారణంగా వాళ్ల వేతనాలు అంతకుముందే తక్కువ. గుంపు మారింది, సగటు పడింది. మన పదిమంది, పదిహేనుమంది లెక్కే! బోర్హాస్ దీన్ని ఒప్పుకోలేదు, వాదన నడుస్తూనే ఉంది. నాకు మాత్రం క్లెమెన్స్, హంట్ల వివరణే బలంగా కనిపిస్తుంది.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను, కనీసం ఒక సాయంత్రం కేటాయించండి.

1942 నుంచి 1964 చివరిదాకా అమెరికాలో బ్రాసెరో అనే పథకం నడిచింది. మెక్సికో కూలీలు సీజను పనులకు వచ్చి వెళ్లేవారు. వాళ్లను ఆపేస్తే స్థానిక వ్యవసాయ కూలీల వేతనాలు పెరుగుతాయన్న వాదనతో దాన్ని రద్దు చేశారు. తర్వాత క్యాలిఫోర్నియా టమాటా పొలాల్లోకి కోత యంత్రాలు దిగాయి. బ్రాసెరోలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ, అసలు లేని రాష్ట్రాల్లోనూ కూలి ఇంచుమించు ఒకే తీరులో పెరిగిందని క్లెమెన్స్, లూయిస్, పోస్టెల్ అధ్యయనం చెబుతుంది.

ఒకటి: ఒక్క క్యాలిఫోర్నియా వేతనాలే చూస్తే ఎలాంటి తప్పుడు నిర్ణయానికి వస్తాం? రెండు: యంత్రం వచ్చాక పొలంలో మిగిలేది ఎవరు, వెళ్లిపోయేది ఎవరు? మిగిలినవారి కూలి ఒక్క సెంటు కూడా పెరగకుండానే సగటు కూలి పెరిగేలా పదిమందితో పట్టిక తయారుచేయండి. మూడు: అదే పట్టికలో మిగిలినవారిలో ఒకరి కూలి తగ్గించండి, సగటు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉండాలి. ఆ ఒక్కరి కూలిని ఎంతవరకు తగ్గించవచ్చో కనుక్కుని ఆ అంకె రాసి పంపండి.