ముఖ చర్మం – స్వయంశిక్షణ, పాఠం 4: టోనర్ కొనేముందు పాత పట్టిక దిద్దుకోండి

ఈ వారం నేరుగా టోనర్ సీసాల దగ్గరికి వెళ్లాలి. మూడో పాఠంలోని చర్మ రకం పరీక్ష చేసుకుని మీరు నింపి పంపిన పట్టికలు వెళ్లనివ్వలేదు. తిరుపతి ఎండల్లో ఉంటూ సగానికి పైగా ‘నాది పొడి చర్మం’ అని రాశారు. అదే కాగితం కింది భాగంలో ‘మధ్యాహ్నానికి ముక్కు, నుదురు మెరుస్తాయి, పౌడరు ముద్ద కడుతుంది’ అని కూడా రాశారు. రెండూ ఒకే ముఖం మీద ఎలా కుదిరాయన్న అనుమానం ఒక్కరికీ రాలేదు.

కుదిరిన కారణం మీ స్నానాల గదిలోనే ఉంది. పరీక్షకు ముందు సబ్బు వాడవద్దని స్పష్టంగా రాశాను. వాడారు. ‘సబ్బు కాదండీ, పసిపిల్లల సబ్బు’ అని ఒక అక్క సమాధానం. పసిపిల్లలదైనా, గంధందైనా, వేపదైనా మామూలు సబ్బు బిళ్ల పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 9, 10 మధ్య ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ముఖ చర్మం పైపొర పీహెచ్ 5కు కాస్త అటూ ఇటూ. ఒక అంకె పెరిగితే పది రెట్లు తేడా. అంటే నాలుగు అంకెలకు పదివేల రెట్లు. కడిగిన వెంటనే ముఖం లాగినట్టు బిగుసుకుంటే అది సబ్బు చేసిన పని. చర్మం తన పాత స్థితికి రావడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. మీరు అరగంటకే అద్దం చూసి ‘పొడి’ అని రాసేశారు.

దీనికి బోరు నీళ్లు తోడయ్యాయి. కళ్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లు కుళాయిలో వచ్చే ఇళ్లవారికి ఈ బాధ తక్కువ. బోరు మీదే ఆధారపడ్డ అపార్ట్‌మెంట్లలో హీటరు కడ్డీకి తెల్లటి పెచ్చు కడుతుంటే, సబ్బు ఎంత రుద్దినా నురగ రాకపోతే, ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువని అర్థం. సబ్బు వాటితో కలిసి నీళ్లలో కరగని జిగట మడ్డిగా మారుతుంది. బకెట్ అంచున కనిపించే ఆ మడ్డే ముఖం మీదా మిగులుతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. నీళ్ల ఫిల్టరు బాగుచేసే అబ్బాయి మీటరు ముంచి చూపించే అంకె ఇది కాదు. అది నీటిలో కరిగిన లవణాలన్నింటి మొత్తం. ఆ అంకె పట్టుకుని నాకు మళ్లీ రాయకండి.

పరీక్ష మళ్లీ చేయండి. సాయంత్రం పూట, సబ్బు లేని తేలికపాటి ఫేస్‌వాష్‌తో కడిగి, చివరిసారి మాత్రం ఒక చెంబు తాగే నీళ్లతో కడుక్కోండి. అద్ది తుడిచి, ఏమీ రాయకుండా గంటసేపు ఫ్యాను కింద కూర్చోండి. ఏసీ వద్దు, పొయ్యి దగ్గర వద్దు, అలిపిరి మెట్లెక్కి వచ్చిన రోజున అసలే వద్దు. తర్వాత పలుచని టిష్యూ కాగితం నుదురు, ముక్కు, రెండు బుగ్గల మీద విడివిడిగా అద్దండి. నూనె మచ్చ ఎక్కడ పడిందో, ఎక్కడ పడలేదో రాసుకోండి. పోయినసారి ‘పొడి’ అన్నవారిలో చాలామంది ఈసారి ‘మిశ్రమం’ (కొన్నిచోట్ల జిడ్డు, కొన్నిచోట్ల పొడి) అవుతారు.

ఇక టోనర్. ముఖం కడిగిన తర్వాత, మాయిశ్చరైజర్‌కు ముందు రాసే నీళ్లలాంటి ద్రవం. ఒకప్పుడు దాని పని సబ్బు మడ్డినీ, ముఖానికి రాసిన క్రీము జిడ్డునూ తుడవడం. సబ్బు మానేసినవారికి ఆ పని మిగలదు. అందుకే ఇప్పటి టోనర్‌ను ‘ఏం తుడుస్తుంది’ అని కాకుండా ‘ఏం వదిలి వెళ్తుంది’ అని చూసి కొనాలి. రంధ్రాలు మూసుకుంటాయన్న మాట పక్కన పెట్టండి. వాటికి తెరుచుకుని మూసుకునే కండరాలు లేవు.

ఇక్కడే నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలు దుకాణంలో మూత తీసి, చేతి మీద చుక్క వేసుకుని, ‘చల్లగా ఉంది మేడం, బాగా పనిచేస్తోంది’ అంటారు. మగపిల్లలైతే గడ్డం గీసుకున్నాక రాసే ఆఫ్టర్‌షేవ్ మంటకు అలవాటు పడి, చురుక్కుమనకపోతే సీసాలో నీళ్లు కలిపారంటారు. చల్లదనం, మంట రెండూ నరాలు చెప్పే కబుర్లు. చర్మానికి మేలు జరిగిందనడానికి అవి సాక్ష్యం కావు.

విడమరిచి చెబుతాను. పుదీనా నూనెలో ఉండే మెంథాల్ చర్మాన్ని చల్లబరచదు. చలిని గుర్తించే గ్రాహకాన్ని తట్టి, చలి తగిలిందని మెదడును నమ్మిస్తుంది. థర్మామీటరు పెట్టి చూస్తే ముఖం వేడి అంతే ఉంటుంది. ఇథనాల్, అంటే టోనర్లలో కలిపే ఆల్కహాల్, ఆవిరవుతూ కొంత వేడిని నిజంగానే తీసుకుపోతుంది. అయితే దానికి రెండో గుణం ఉంది. మిరపకాయ ఘాటును, వేడిని పసిగట్టే గ్రాహకాన్ని అది తేలిగ్గా రెచ్చిపోయేలా చేస్తుంది. అప్పుడు మామూలు ఒంటి వేడికే మంట పుడుతుంది. డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపౌటియన్‌లకు 2021లో వైద్య నోబెల్ వచ్చింది ఇలాంటి గ్రాహకాలను కనుగొన్నందుకే. కర్పూరం, యూకలిప్టస్ నూనె, పుదీనా నూనె కూడా ఇదే మెంథాల్ బాపతు. సీసా మీద ‘ఐస్’ అని పెద్ద అక్షరాలుంటే వెనక్కి తిప్పి వీటి పేర్లు వెతకండి.

ఆల్కహాల్ జిడ్డును చిటికెలో తీసేస్తుంది, నిజమే. దూదికి మరక అంటగానే ‘ఎంత మురికి పోయిందో’ అని మురిసిపోతారు. ఆ మరకలో ఉన్నది మీ ముఖపు నూనె, రాలిపోవలసిన మృతకణాలు, పొద్దున రాసిన సన్‌స్క్రీన్, కాటుక. రంధ్రాల అడుగున దాక్కున్న మురికి కాదది. నూనె గ్రంథులు నడిచేది హార్మోన్ల లెక్కతో కాబట్టి మధ్యాహ్నానికి జిడ్డు మళ్లీ వస్తుంది. పైపొరలో తేమను పట్టి ఉంచే కొవ్వు మాత్రం రోజూ ఇలా కడుగుతుంటే తరిగిపోతుంది. నుదురు జిడ్డు, బుగ్గలు పొలుసులు అని రాసిన హాస్టల్ విద్యార్థి సంగతి బహుశా ఇదే. ఆయన రోజుకు మూడుసార్లు ఆల్కహాల్ టోనర్‌తో తుడుస్తున్నాడు.

పేర్లు గుర్తుపెట్టుకోండి. ఆల్కహాల్ డీనాట్, ఎస్‌డీ ఆల్కహాల్, ఇథనాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎండబెట్టే రకం. సెటైల్, స్టీరైల్, సెటియరైల్ ఆల్కహాల్ మైనంలాంటివి, వాటికి భయపడకండి. విచ్ హేజెల్ అర్కంలో సాధారణంగా 14 శాతం వరకు ఆల్కహాల్ కలిపి ఉంటుంది, కాబట్టి ఆ మొక్క పేరుకే ‘సహజం’ అని పొంగిపోవద్దు. మన కాస్మెటిక్స్ నియమాలు, 2020 ప్రకారం ఒక శాతం మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి, ఆ లోపు ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాయవచ్చు. ఆల్కహాల్ రెండో స్థానంలో ఉంటే సీసా కింద పెట్టేయండి. చివర్లో, ఫినాక్సీఇథనాల్ లాంటి నిల్వపదార్థం పక్కన ఉంటే నేనైతే పట్టించుకోను.

జిడ్డు చర్మానికి సాలిసిలిక్ ఆమ్లం 0.5 నుంచి 2 శాతం ఉన్నది చూడండి. అది నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డు నిండిన రంధ్రంలోకి దిగగలదు. మొటిమలు, బ్లాక్‌హెడ్స్ ఉన్నవారికి మొదటి ఎంపిక ఇదే. మొదట్లో వారానికి రెండు, మూడు రాత్రులు చాలు. గర్భిణులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. మొటిమలు లేకుండా జిడ్డు మాత్రమే ఉంటే నియాసినమైడ్ (బి3 విటమిన్‌లో ఒక రకం) 2 నుంచి 5 శాతం సరిపోతుంది. రెండింటినీ ఒకే వారంలో మొదలుపెట్టవద్దు, మంట పుడితే ఏది కారణమో తేలదు.

జిడ్డు చర్మంవారి కాగితాలే ఎక్కువ కాబట్టి మరో మూడు ఉదాహరణలు. నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట మాత్రమే మొటిమలున్న డిగ్రీ అమ్మాయి టోనర్ కొనవలసిన పని లేదు. రాత్రి తలకు పెట్టే కొబ్బరినూనె నుదుటికి జారుతోంది, ముందు అది ఆపి చూడాలి. టిఫిన్ సెంటర్‌లో పెనం ముందు నిలబడే తమ్ముడి ముఖం మీద ఉన్నది సగం అతని నూనె కాదు, దోసెలది. పని ముగిశాక ఒకసారి ఫేస్‌వాష్ చాలు. బొట్టు పెట్టుకునే చోట దురద, తెల్లబారడం ఉందని రాసిన అక్క ఆ చోట ఏ టోనరూ రాయకూడదు. స్టిక్కర్ బొట్టు జిగురు కొందరికి పడదు, రంగు పోయేలా కూడా చేస్తుంది. వెంటనే బొట్టు మానేసి రుయా ఆసుపత్రిలోనో మరోచోటో చర్మ వైద్యులకు చూపించాలి.

పొడి చర్మానికి సీసా మీది పదార్థాల పట్టికలో గ్లిజరిన్ మొదటి మూడు, నాలుగు పేర్లలో ఉండాలి. పాంథెనాల్, హైలురోనిక్ ఆమ్లం అదనపు బలం. నా వరకు గ్లిజరిన్ ఉంటే మిగతావాటికి ఎక్కువ డబ్బు పెట్టను. ఇవి నీటిని పట్టి ఉంచుతాయి, ఆవిరి కాకుండా మూత వేయలేవు. తడి ఆరకముందే పైన మాయిశ్చరైజర్ రాయకపోతే పలమనేరు, కుప్పం చలిగాలికి మళ్లీ మొదటికే వస్తుంది. వయసు పెరిగేకొద్దీ చర్మంలో నూనె తగ్గుతుంది కాబట్టి అరవై దాటినవారికి, పాత కాగితం ఏమన్నా, ముందు ఈ రకమే చూడమంటాను.

మిశ్రమ చర్మానికి రెండు సీసాలు అక్కర్లేదు. సాలిసిలిక్ టోనర్‌ను ముక్కు, నుదురు, గడ్డం వరకే ఆపండి, బుగ్గలకు మాయిశ్చరైజర్ చాలు. సున్నిత చర్మానికి పరిమళం, మెంథాల్, ఆమ్లాలు లేనిది చూడాలి, దొరకకపోతే మానేయడం మేలు. టిష్యూ మీద ఏ మచ్చా లేక, బిగువూ లేక, హాయిగా ఉన్నవారికి టోనర్ అవసరం లేదు.

ఇంటి తయారీ గురించి అడిగినవారికి క్లుప్తంగా చెబుతాను. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, పైగా నిమ్మజాతి రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లమచ్చ మిగలవచ్చు. వంటసోడా దీనికి ఎదురు దిక్కు, అదీ వద్దు. పటిక వద్దు. పూజాసామగ్రి కొట్లలో దొరికే పన్నీరు సీసా చూసి ‘రోజ్‌వాటరే కదా’ అన్నారు. పూజకని అమ్మేదానికి పదార్థాల పట్టిక ఉండదు, నీళ్లలో సెంటు కలిపినా మీకు తెలియదు. అభిషేకానికి ఉంచుకోండి. తిరుమలలో గుండు చేయించుకుని వచ్చి తలకు టోనర్ రాయవచ్చా అని ఒక పెదనాన్న అడిగారు. కత్తి తగిలిన చర్మం మీద కంటికి కనిపించని గాట్లుంటాయి, ఆమ్లం గానీ ఆల్కహాల్ గానీ తగిలితే భగ్గుమంటుంది. వారం ఆగినా రాయవలసిన అవసరమేమీ లేదండీ.

ఇక రాసే తీరు. దూది కంటే అరచేతిని ఇష్టపడతాను, సగం ద్రవం దూదికే పోతుంది.

కొత్త సీసాను ముందు మోచేతి మడతలో ఒకేచోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడాలి. ‘రాసి పది నిమిషాలు చూశాను, ఏమీ కాలేదు’ అంటే కుదరదు. చిత్తూరువారికి మామిడి సొన సంగతి నేను చెప్పాలా? కోసిన రోజు ఏమీ ఉండదు, ఒకటి రెండు రోజులకు మూతి చుట్టూ పొక్కుతుంది. పడని పదార్థానికి అలర్జీ చాలాసార్లు అలాగే ఆలస్యంగా బయటపడుతుంది. ఆమ్లాల టోనర్ కొన్ని క్షణాలు చిటపటలాడితే సరే. ఎర్రబడినా, మంట నిమిషాలకొద్దీ నిలిచినా కడిగేసి ఆపేయండి.

అభ్యాసం. తిరుపతి గాంధీ రోడ్డులోనో మీ ఊరి బజారులోనో ఒక దుకాణానికి నోటుపుస్తకంతో వెళ్లి, ఏదీ కొనకుండా, ఐదు టోనర్ల వెనకున్న పదార్థాలు మొత్తం చేత్తో రాసుకోండి. ఫోను ఫొటోలు ఒప్పుకోను, రాస్తేనే పేర్లు కంటికి అలవాటవుతాయి. నీటి తర్వాత మొదటి ఐదు పేర్ల కింద గీత గీయండి. ఆల్కహాల్, మెంథాల్, పరిమళం ఎన్నో స్థానంలో ఉన్నాయో పక్కన అంకె వేయండి. మళ్లీ చేసిన టిష్యూ పరీక్షను బట్టి నాలుగింటిని కొట్టేసి, ప్రతి కొట్టివేతకూ ఒక్క వాక్యంలో కారణం రాయండి. మిగిలినదాంట్లో అన్నిటికన్నా చిన్న సీసా కొని, మోచేతి పరీక్ష దాటితే, రెండు వారాలు ముఖంలో కుడివైపు మాత్రమే వాడండి. ఎడమవైపు మిగతావన్నీ యథాతథం, టోనర్ మాత్రం ఉండదు. ప్రతి ఆదివారం టోనర్ రాసిన చోటా, ఎడమవైపు అదే చోటా టిష్యూ అద్ది, తేదీ వేసి అతికించండి. తేడా కనిపించకపోతే ఆ టోనర్ మీకు అక్కర్లేదు.

గ్లైకాలిక్ ఆమ్లం గురించి అడిగినవారు ఆగాలి. అది చర్మాన్ని ఎండకు మరింత లోకువ చేస్తుంది. వచ్చే పాఠం సన్‌స్క్రీన్ మీద, అది పూర్తయ్యేదాకా ఆ సీసా మూత తీయకండి.